కోవ్ లైటు వేస్తే పూజ గది లైటు ఆరిపోతోంది. తప్పు మాడ్యూల్‌దా, వైరింగ్‌దా?

కోవ్_కష్టాలు
హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాట్, మార్చిలో గృహప్రవేశం అయింది. హాల్ ఫాల్స్ సీలింగ్ చుట్టూ 20 మీటర్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ ఉంది, 12 వోల్ట్‌లది. అదే కోవ్ లైటు. 5 మీటర్లకొకటి చొప్పున నాలుగు 60 వాట్ల డ్రైవర్లు (ఇంటి కరెంటుని 12 వోల్ట్‌లకి మార్చే పెట్టెలు). టీవీ పక్క బోర్డు వెనక ఫోన్ నుంచి లైట్లు వేసే స్మార్ట్ మాడ్యూల్ పెట్టించాను, నాలుగు రిలేలది (రిలే అంటే కరెంటుతో దానంతటదే పడే స్విచ్). ఒక రిలే మీద కోవ్, ఒకదాని మీద హాల్ లైటు, ఇంకోటి పూజ గది లైటు, నాలుగోది బాల్కనీ.

గోల ఏంటంటే, సాయంత్రం అత్తయ్య గారు పూజ గదిలో లైటు వేసుకుని దీపం పెడతారు. 6:30కి టైమర్ మీద హాల్లో కోవ్ వెలుగుతుంది. వెలగ్గానే పూజ గది లైటు ఆరిపోతుంది. ఆవిడ స్విచ్ టకటకా ఎన్నిసార్లు కొట్టినా రాదు, నేను ఫోన్‌లోంచి వెయ్యాలి. రాత్రి 11:30కి కోవ్ ఆరుతుంది. అప్పుడేమో మనిషి లేని పూజ గదిలో లైటు దానంతటదే వెలుగుతుంది! రోజూ కాదు. పది రోజుల్లో ఐదారు రోజులు.

అది చాలదన్నట్టు, కోవ్ ఆపినప్పుడు ఒక్కోసారి మాడ్యూల్ మొత్తం యాప్‌లో ఆఫ్‌లైన్ అయిపోయి పావు నిమిషానికి తిరిగొస్తుంది. నెలకి రెండు మూడుసార్లు కోవ్ అసలు ఆరనే ఆరదు. బోర్డు మీద పిడికిలితో ఒకటిస్తే టప్పుమని ఆరుతుంది.

ఎలక్ట్రీషియన్ మాడ్యూల్ డూప్లికేట్ అంటాడు. మాడ్యూల్ అమ్మినాయన వైరింగ్ బాగోలేదంటాడు. మాడ్యూల్ మార్చి కూడా చూశాను, కొత్తదీ అదే వేషం. అత్తయ్య గారు గుమ్మానికి ఇంకో గుమ్మడికాయ కట్టమంటున్నారు.

రీసెట్_రాజా
రౌటర్ ఒకసారి ఆపి వేశారా?

కోవ్_కష్టాలు
వేశాను రాజా గారూ. పదకొండుసార్లు.

గుమ్మడి_గురూజీ
గుమ్మడికాయకి ఎర్తింగ్ మర్చిపోకండి.

వైరింగ్_బాబాయ్
వరంగల్‌లో 27 ఏళ్ళుగా ఇదే పని. నువ్వు చెప్పింది ఒక జబ్బు కాదు తమ్ముడూ, మూడు. మూడింటినీ ఒక గంపలో వేసి చూస్తున్నారు కాబట్టి ఎవరికీ అర్థం కావట్లేదు.

ముందు తేలికది. బోర్డు మీద కొడితే ఆరుతోందంటే రిలే లోపల పాయింట్లు అతుక్కుంటున్నాయి. మాడ్యూల్ మీద 10 ఆంపియర్లు అని ఉంటుంది చూడు. అది హీటరు లాంటి లోడుకి రాసింది. డ్రైవర్ లోపల పెద్ద కండెన్సర్ (కెపాసిటర్ అన్నా అదే, కరెంటుని దాచుకునేది) ఉంటుంది, కరెంట్ తగలగానే అది ఒక్క గుక్కలో తాగుతుంది. మంచి రకం 60 వాట్ల డ్రైవరు కూడా ఆ మొదటి క్షణంలో 40, 50, 60 ఆంపియర్లు లాగుతుంది. మిల్లీసెకను కూడా ఉండదు, కానీ పాయింట్ల మీద నిప్పురవ్వ పడడానికి అది చాలు. నువ్వు నాలుగు డ్రైవర్లు ఒకే రిలే మీద పెట్టావు. నడిచేటప్పుడు మొత్తం ఒకటి రెండు ఆంపియర్లే కాబట్టి ‘లోడు తక్కువే కదా’ అనిపిస్తుంది. వేసే క్షణమే ప్రమాదం.

మిగతా రెండింటికి నాకు జవాబులు కావాలి. పూజ గది స్విచ్ ఎక్కడుంది, దాని వైరు మాడ్యూల్ దాకా ఏ పైపులో వస్తోంది? ఆ లైటు తేడా చేసిన రోజున స్విచ్ పైకి ఉందా, కిందికి ఉందా?

కోవ్_కష్టాలు
స్విచ్ పూజ గది గోడకే ఉంది బాబాయ్ గారూ. అక్కడి నుంచి సీలింగ్ మీదుగా టీవీ బోర్డు దాకా సుమారు 12 మీటర్లు. పైపు ఏదో ఎలక్ట్రీషియన్‌ని అడగాలి. స్విచ్ పైకా కిందికా అన్నది ఎప్పుడూ చూడలేదు. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

వైరింగ్_బాబాయ్
చూసి చెప్పు, తర్వాత చెప్తా.

వైఫై_వీరయ్య
ఇదంతా ఎందుకండీ. చీప్ డ్రైవర్ల నాయిస్‌కి వైఫై చచ్చిపోతోంది, అందుకే ఆఫ్‌లైన్. నా ఫ్లాట్‌లో కూడా స్ట్రిప్ లైట్ పెట్టించాక సిగ్నల్ ఒక గీత తగ్గింది. మెష్ రౌటర్ పెట్టుకోండి, అయిపోతుంది.

హెర్ట్జ్_హైమ
వీరయ్య గారూ, డ్రైవర్ లోపల స్విచింగ్ జరిగేది పదుల కిలోహెర్ట్జ్ నుంచి వందా నూటయాభై కిలోహెర్ట్జ్ మధ్య. దాని పిల్లలూ మనవలూ మీడియం వేవ్, షార్ట్ వేవ్, ఎఫ్‌ఎం దాకా గోల చేస్తాయి, ఒప్పుకుంటా. వైఫై ఉండేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. అంతదూరం వచ్చేసరికి ఆ గోలలో పస ఉండదు. మీ గీత తగ్గడానికి బోర్డు వెనకున్న ఇనప డబ్బా, స్ట్రిప్ అల్యూమినియం ప్రొఫైల్ ఎక్కువ కారణం కావచ్చు.

ఇది తేల్చడానికి రౌటర్ అక్కర్లేదు. కష్టాలు గారూ, ఆఫ్‌లైన్ అయిన క్షణంలో అదే మాడ్యూల్ మీదున్న హాల్ లైటు కూడా ఒకసారి ఆరి వెలుగుతోందా? వెలిగితే అది వైఫై పోవడం కాదు, మాడ్యూల్ లోపలి చిప్ రీస్టార్ట్ అవడం.

కోవ్_కష్టాలు
అవునండీ! హాల్ లైటు రెప్ప కొట్టినట్టు ఒకసారి ఆరి వస్తుంది. కోవ్ ఆరడం వల్ల అలా అనిపిస్తోందేమో అనుకున్నా.

హెర్ట్జ్_హైమ
అయితే వైఫై నిర్దోషి.

వైఫై_వీరయ్య
మెష్ మాత్రం మంచిదే. అది నా వ్యక్తిగత అభిప్రాయం.

గేటు_గోపన్న
రాజమండ్రి. మా గేటు మోటారు రిమోట్ రాత్రిపూట పనిచేసేది కాదు, పగలు పనిచేసేది. బ్యాటరీ మార్చా, రిమోట్ మార్చా. చివరికి పోర్టికోలో కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ బల్బు దొంగ అని తేలింది. రిమోట్ 433 మెగాహెర్ట్జ్‌ది, రిసీవర్ పెట్టె బల్బుకి జానెడు దూరంలో ఉంది. బల్బు మార్చగానే గేటు నోరు తెరిచింది. కాబట్టి హైమ గారూ, నాయిస్ అంత తేలిగ్గా తీసిపారేసేది కాదు.

హెర్ట్జ్_హైమ
433 దాకా వస్తుంది, అందులోనూ జానెడు దూరంలో ఉంటే తప్పకుండా వస్తుంది. నేనన్నది 2.4 గురించి.

నాయిస్ ఉందో లేదో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. ఇంట్లో తాతయ్యగారి నాటి ట్రాన్సిస్టర్ ఉంటే బ్యాటరీలు వేసి మీడియం వేవ్ పెట్టండి. హైదరాబాద్‌లో ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది (మా బెజవాడకైతే 837). స్టేషన్ మీద కాకుండా కొంచెం పక్కకి జరిపి, ఏమీ లేని చోట ఆపి, కోవ్ కింద ఒక్కో మూల దగ్గర పట్టుకోండి. బర్ర్ర్ మన్న చోట డ్రైవరు చెడ్డది. రేడియోని అటూ ఇటూ తిప్పితే చప్పుడు పెరిగి తగ్గుతుంది, లోపలి యాంటెన్నా కడ్డీకి దిక్కు తెలుసు.

డాలస్_దోసె
ఇది చదువుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. ఇక్కడ నేను 2004లో కొన్న ఇంట్లో ఎక్స్10 స్విచ్చులు ఉండేవి. 1975లో స్కాట్లాండ్‌లో పుట్టిన పద్ధతి అది. వైఫై లేదు, ఏం లేదు, ఇంటి కరెంటు వైర్ల మీదే 120 కిలోహెర్ట్జ్ సంకేతం పంపిస్తుంది. పెరట్లో 12 వోల్ట్‌ల గార్డెన్ లైట్లకి కొత్త ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం. అది వెలిగినంతసేపూ ఇంట్లో ఒక్క స్విచ్చూ మాట వినేది కాదు. దాని ముందున్న ఫిల్టర్ కెపాసిటర్ మా సంకేతాన్నంతా మింగేసేది! లైట్ల లైనుకి ముందు ఒక చోక్ ఫిల్టర్ పెడితే సర్దుకుంది. అప్పుడు తెలిసిందేంటంటే, ఇంట్లో గోల చేసేవాళ్ళే కాదు, మాటలు మింగేసేవాళ్ళు కూడా ఉంటారు.

గుమ్మడి_గురూజీ
రెండో రకం మా ఇంట్లో నేనే.

కోవ్_కష్టాలు
మామయ్య గారి పాత ట్రాన్సిస్టర్ అటక మీద దొరికింది. పరీక్షలు చేశాను, వరసగా చెప్తా.

రేడియో: మూడు మూలల్లో సన్నటి ఈల. బాల్కనీ వైపు మూలలో మాత్రం మర మిల్లు. ఏసీ పక్క మూత తీసి చూస్తే ఆ ఒక్క డ్రైవరు వేరే రకం, మిగతా మూడు ఒకటే. జూన్‌లో ఒకటి కాలిపోతే ఎలక్ట్రీషియన్ మార్చాడు, అదే ఇది. మిగతా మూడింటి మీద ‘ఆర్’ అక్షరంతో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరుంది. దీని మీద 12 వోల్ట్‌లు, 5 ఆంపియర్లు అన్న మాట తప్ప ఇంకేం లేదు.

ఇంకో సంగతి, దాని ఇనప బాడీ ముట్టుకుంటే జివ్వుమంది.

స్విచ్: నాలుగు రోజులు కాపు కాశాను. బాబాయ్ గారూ, దండం మీకు. స్విచ్ పైకి ఉన్న రెండు రోజులూ తేడా చేసింది. కిందికి నొక్కి ఉన్న రెండు రోజులూ కిక్కురుమనలేదు. అత్తయ్య గారికి చెప్తే ‘అయితే ఎప్పుడూ కిందికే ఉంచుదాం’ అన్నారు.

వైరింగ్_బాబాయ్
ముందు చీవాట్లు. కరెంటు ఉండగా డ్రైవర్ బాడీ ఎందుకు ముట్టుకున్నావు? ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ లైను స్విచ్) దించకుండా ఆ మూత తియ్యొద్దు. స్టూలు మీద నిలబడి ఉంటావు, షాక్ చిన్నదైనా పడిపోవడం చిన్నది కాదు.

ఆ జివ్వుమనడానికి కారణం ఎర్త్ స్క్రూ ఖాళీగా ఉండడం. లోపలి ఫిల్టర్ కండెన్సర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి వచ్చి బాడీకి కలుస్తాయి. బాడీకి ఎర్త్ ఇవ్వకపోతే అది మధ్యలో, 115 వోల్ట్‌ల చుట్టుపక్కల తేలుతూ ఉంటుంది. కరెంట్ చాలా కొంచెం కాబట్టి జివ్వు, అంతే. ఫాల్స్ సీలింగ్‌లో ఆకుపచ్చ వైరు చుట్ట చుట్టి వదిలేసి ఉంటుంది, వెతుకు. మావాళ్ళకి అదొక అలవాటు.

ఇక పూజ గది. నీ మాడ్యూల్ స్విచ్ ఏ వైపుకి ఉందో పట్టించుకోదు, మారిందా లేదా అనే చూస్తుంది. మారితే లైటు తిరగేస్తుంది. స్విచ్ కిందికి ఉన్నప్పుడు ఆ వైరులో నిఖార్సైన 230 ఉంటుంది, దాన్ని ఎవడూ కదపలేడు. పైకి ఉన్నప్పుడు ఆ 12 మీటర్ల వైరు రెండు వైపులా ఎవరూ పట్టుకోని తాడులా గాలిలో వేలాడుతుంది. దాని పక్కనే అదే పైపులో కోవ్ ఫేజ్ వైరు పోతోందనుకో. రెండు వైర్లు పక్కపక్కన అంత దూరం నడిస్తే అదే ఒక కండెన్సర్. కోవ్ వెయ్యగానే వేలాడే వైరులోకి దొంగ ఓల్టేజి ఎక్కుతుంది. మాడ్యూల్ ‘స్విచ్ నొక్కారు’ అనుకుని లైటు తిరగేస్తుంది. ఆ తర్వాత మీ అత్తగారు నిజంగా నొక్కినా అది ముందే ‘నొక్కి ఉంది’ కాబట్టి కొత్తగా తెలిసేదేం లేదు. 11:30కి కోవ్ ఆరితే దొంగ ఓల్టేజి పోతుంది, మళ్ళీ తిరగేస్తుంది.

కోవ్_కష్టాలు
ఆవిడ స్విచ్ ఎందుకు పనిచెయ్యట్లేదో ఇప్పుడు తెలిసింది! ఆర్నెల్లుగా ఆవిడ నొక్కడం సరిగ్గా లేదనుకున్నాం ఇంట్లో అందరం.

మౌన_పాఠకుడు
మూడేళ్ళుగా చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాస్తున్నా. మా పిల్లల గదిలో కూడా ఇదే. రెండు మాడ్యూళ్ళు పారేశాను. పైకి కిందికి లెక్క ఇప్పుడే వెళ్ళి చూసొచ్చా. కరెక్టే.

నెల్లూరు_న్యూట్రల్
బాబాయ్ చెప్పింది వినడానికి బాగుంది. కానీ రుజువు ఏది? ఆ వైరులో నిజంగా లీకేజీ ఉండొచ్చు. పైపులో ఇన్సులేషన్ గీసుకుపోయి కోవ్ ఫేజ్‌కి తగులుతూ ఉండొచ్చు. దొంగ ఓల్టేజి అని వదిలేస్తే రేపు నిజంగా కాలుతుంది.

వైరింగ్_బాబాయ్
మంచి ప్రశ్న. టెస్టర్‌తో తేలదు, రెండింటికీ వెలుగుతుంది. డిజిటల్ మీటరూ అంతే, దొంగ ఓల్టేజి కూడా చూపిస్తుంది. జీరో బల్బు ఒక్కటే నిజం చెప్తుంది. ఎంసీబీ దించి ఆ స్విచ్ వైరుని మాడ్యూల్ నుంచి ఊడదియ్యి. హోల్డర్‌కి 15 వాట్ల జీరో బల్బు పెట్టి, ఆ వైరుకీ న్యూట్రల్‌కీ మధ్య కట్టు. మీటరు కూడా అక్కడే. ఎంసీబీ ఎత్తి, కోవ్ వేసి చూడు. దొంగదైతే బల్బు తగలగానే మీటరు సున్నాకి పడిపోతుంది. నిజమైన లీకేజీ అయితే పడదు, బల్బు ఎంతో కొంత వెలుగుతుంది. ఇది మాత్రం ఎలక్ట్రీషియన్‌ని పెట్టుకుని చెయ్యి.

కోవ్_కష్టాలు
చేశాం. కోవ్ ఆపి ఉంటే 3 వోల్ట్‌లు. కోవ్ వేస్తే 84. జీరో బల్బు కట్టాక 0.2. ఎలక్ట్రీషియన్ మీటరు వైపూ నా వైపూ రెండుసార్లు చూశాడు. పైపు సంగతి కూడా ఒప్పుకున్నాడు, రెండూ ఒకే పైపులో లాగాడట.

నెల్లూరు_న్యూట్రల్
నేను ఓడిపోయా. సంతోషంగా.

స్నబ్బర్_శీను
చదువుతూ వస్తున్నా, ఎవరూ అసలు మందు చెప్పట్లేదు. ఆర్‌సీ స్నబ్బర్ బ్రో! 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, వరసగా కలిపి కోవ్ రిలే రెండు పాయింట్ల మధ్య పెట్టెయ్. నిప్పురవ్వ ఉండదు, రీస్టార్ట్ ఉండదు. 30 రూపాయల పని.

కోవ్_కష్టాలు
కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చి పెట్టించాను శీను గారూ. ఇప్పుడు కోవ్ ఆపితే పూర్తిగా ఆరట్లేదు. రెండు మూడు సెకన్లకోసారి మినుక్కుమంటోంది, నాలుగు వైపులా నాలుగు రకాలుగా. హాలంతా మిణుగురులు. మా అమ్మాయి మాత్రం అలాగే ఉంచమంటోంది.

వైరింగ్_బాబాయ్
శీనూ! రిలే పాయింట్ల మీద కాదయ్యా. కోవ్ ఆపినా ఆ 0.1 కండెన్సర్ గుండా 7 మిల్లీ ఆంపియర్లు పోతూనే ఉంటాయి. పాత ఫిలమెంటు బల్బుకి అది లెక్కలోకి రాదు. డ్రైవరు మాత్రం ఆ కాస్తనీ కూడబెట్టుకుని, కండెన్సర్ నిండగానే ఒక్కసారి వెలిగి, మళ్ళీ కూడబెడుతుంది. స్నబ్బర్ పెట్టేది లోడుకి అడ్డంగా, అంటే ఫేజ్ అవుట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య.

స్నబ్బర్_శీను
మా చోట మోటారుకి పాయింట్ల మీద పెట్టాం, పనిచేసింది. ఎల్‌ఈడీకి ఇలా అవుతుందని తెలీదు. సారీ బ్రో.

హెర్ట్జ్_హైమ
ఆ కెపాసిటర్ మీద ‘ఎక్స్2’ అనీ, 275 వోల్ట్‌ల ఏసీ అనీ రాసి ఉందో లేదో చూడండి. డీసీ 400 అని రాసినవి చాలామంది ఇచ్చేస్తారు. 230 వోల్ట్‌ల లైన్ మీద రాత్రింబవళ్ళు ఉండేది అది. ఎక్స్2 రకం చెడిపోయేటప్పుడు మంట పుట్టకుండా చెడిపోయేలా చేస్తారు, మిగతావాటికి ఆ హామీ లేదు.

కోవ్_కష్టాలు
చూశా. డీసీ 400. పీకేశా.

ఇంటీరియర్_ఇందు
మా వృత్తి వాళ్ళ మీద కూడా కొంచెం తప్పుంది, ఒప్పుకుంటా. క్లయింట్ ‘డ్రైవర్లు కనబడకూడదు’ అంటారు, మేం ఫాల్స్ సీలింగ్‌లో ఎక్కడో పారేస్తాం, పైన మూత కూడా ఉండదు. ఇప్పుడైతే నేను 24 వోల్ట్‌ల స్ట్రిప్పే వాడుతున్నా. అదే వాట్లకి కరెంట్ సగం. 12 వోల్ట్‌లకి 4 ఆంపియర్లు 10 మీటర్ల దూరం 1 చదరపు మిల్లీమీటరు వైరులో లాగితే దాదాపు వోల్టున్నర దార్లోనే పోతుంది, చివర లైటు నీరసంగా ఉంటుంది.

హెర్ట్జ్_హైమ
ఇంకోటి కూడా ఇందు గారూ. డ్రైవరుకీ స్ట్రిప్‌కీ మధ్య వైరు ఎంత పొడుగైతే అంత మంచి యాంటెన్నా. పొడుగు వైరు 230 వైపు ఉండనివ్వండి, 12 వైపు పొట్టిగా ఉండాలి.

ఇంటీరియర్_ఇందు
మరి బీఐఎస్ నంబరున్న డ్రైవరు కొంటే నాయిస్ గొడవ ఉండదా?

హెర్ట్జ్_హైమ
అది వేరే లెక్కండీ. డ్రైవర్లకి ఆ రిజిస్ట్రేషన్ ఐఎస్ 15885 ప్రకారం ఇచ్చేది, భద్రత గురించి. లైట్ల రేడియో గోలకి హద్దులు పెట్టేది సిస్పర్ 15 అనే ప్రమాణం. డ్రైవర్ మీదో డేటాషీట్‌లోనో ఆ పేరు ఉంటే మేలు. నంబరు కూడా లేనిది మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

నెల్లూరు_న్యూట్రల్
మళ్ళీ అసలు విషయానికి. నాలుగు డ్రైవర్ల దెబ్బకి మాడ్యూల్ రిలే ఎన్నాళ్ళో ఉండదు. మధ్యలో 20 ఆంపియర్ల కాంటాక్టర్ (పెద్ద బరువు మోసే రిలే) పెట్టండి. మాడ్యూల్ కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడుపుతుంది, డ్రైవర్ల బరువు కాంటాక్టర్ మోస్తుంది. మా ఇంట్లో అదే.

కోవ్_కష్టాలు
ట్రూప్ బజార్‌లో ఒకటి తెచ్చి ఏసీ మూత పక్కన ప్లాస్టిక్ డబ్బాలో బిగించాం. ఆ దొంగ డ్రైవరు తీసేసి మిగతా మూడింటి రకమే పెట్టించాను. నాలుగింటికీ ఎర్త్ ఇచ్చాం (ఆకుపచ్చ వైరు నిజంగానే చుట్ట చుట్టి ఉంది బాబాయ్ గారూ).

ఫలితం: జివ్వుమనడం పోయింది. రేడియోలో మర మిల్లు పోయింది. కోవ్ అతుక్కోవట్లేదు. కానీ మాడ్యూల్ ఇదివరకు అప్పుడప్పుడు రీస్టార్ట్ అయ్యేది, ఇప్పుడు కోవ్ ఆపిన ప్రతిసారీ అవుతోంది! మందు వేస్తే రోగం ముదిరింది.

రీసెట్_రాజా
రౌటర్...

కోవ్_కష్టాలు
రాజా గారూ.

వైరింగ్_బాబాయ్
కాయిల్ కదా, అది ఆపగానే ఎదురు తన్నుతుంది. ఆ తన్ను నేరుగా మాడ్యూల్‌కే తగులుతోంది, ఇదివరకు డ్రైవర్లు తన్నినదానికంటే గట్టిగా. శీను స్నబ్బర్‌కి ఇప్పుడు పనిపడింది. కాయిల్ రెండు కొనలకీ, ఏ1 ఏ2 అని ఉంటాయి, అక్కడే బిగించు. ఎక్స్2 కండెన్సర్ కొత్తది తెచ్చుకో.

స్నబ్బర్_శీను
చూశారా!

నెల్లూరు_న్యూట్రల్
అయ్యో, నా కాంటాక్టర్‌కి కంపెనీ వాళ్ళది చిన్న సప్రెసర్ ముక్క ముందే తగిలించి ఉంది. అందుకే నాకు రాలేదు. ఇది చెప్పాల్సింది.

కోవ్_కష్టాలు
పెట్టి ఆరు రోజులైంది. ఒక్క రీస్టార్ట్ లేదు. పూజ గది వైరు సంగతి ఇంకా ఉంది, ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు.

హెర్ట్జ్_హైమ
ఒక పేచీ. మీరు డ్రైవరు, ఎర్త్, కాంటాక్టర్, స్నబ్బర్ అన్నీ ఒక వారంలో మార్చేశారు. రీస్టార్ట్‌కి కారణం ఆ గోల డ్రైవరా, రిలే మీద బరువా అన్నది తేలలేదు. ఓపికుంటే పాత డ్రైవరు ఒక్క సాయంత్రానికి తిరిగి పెట్టి చూడండి. నా పందెం డ్రైవరు మీద.

కోవ్_కష్టాలు
పెట్టాను. రేడియోలో మర మిల్లు తిరిగొచ్చింది. ఇరవైసార్లు వేసి ఆపాను, మాడ్యూల్ ఒక్కసారి కూడా పడలేదు.

హెర్ట్జ్_హైమ
అయితే రేడియో చూపించిన దొంగ వేరు, మీ ఇంట్లో దొంగతనం చేసినవాడు వేరు. పందెం ఓడా. అయినా ఆ డ్రైవరు మాత్రం తిరిగి పెట్టకండి, పక్కింటివాళ్ళ రేడియోకైనా జాలిపడి.

డాలస్_దోసె
పక్కింట్లో ఇంకా రేడియో వింటున్నారంటారా?

హెర్ట్జ్_హైమ
నేను వింటాను.

మౌన_పాఠకుడు
పూజ గది వైరుకి ఏం చెయ్యాలి? పైపులు పగలగొట్టలేం కదా. జీరో బల్బు అక్కడే శాశ్వతంగా కట్టి ఉంచితే?

వైరింగ్_బాబాయ్
పనిచేస్తుంది, కానీ స్విచ్ నొక్కి ఉన్నంతసేపూ బల్బు తింటుంది. ఎందుకు? ఒక రిలే ఉన్న చిన్న మాడ్యూల్ తెచ్చి పూజ గది స్విచ్ వెనకే పెట్టెయ్. స్విచ్‌కీ మాడ్యూల్‌కీ మధ్య జానెడు వైరు. ఇదివరకు స్విచ్ కబురు మోసిన ఆ పొడుగు వైరునే ఇప్పుడు లైటుకి వెళ్ళే లోడు వైరుగా వాడుకో. లోడు వైరులోకి ఎంత దొంగ ఓల్టేజి ఎక్కినా రిలే తిరగదు. ఆ బోర్డులో న్యూట్రల్ ఉండాలి, అదొక్కటే షరతు. లేకపోతే లాగించాలి. పక్క లైను న్యూట్రల్ మాత్రం అప్పు తెచ్చుకోవద్దు, ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపిస్తే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతుంది.

నెల్లూరు_న్యూట్రల్
మాడ్యూల్‌కి న్యూట్రల్ లేకుండా నడిచేవీ ఉన్నాయి కదా బాబాయ్?

వైరింగ్_బాబాయ్
ఉన్నాయి. అవి బతకడానికి లైటు గుండా కాస్త కరెంట్ ఎప్పుడూ పోతుండాలి. పూజ గదిలో 5 వాట్ల బల్బు. మళ్ళీ మిణుగురులే.

ఇంటీరియర్_ఇందు
ఈ ఒక్క మాట మా సైట్లో ఎలక్ట్రీషియన్లందరికీ పంపించా, ‘మాడ్యూల్ స్విచ్ దగ్గర, డ్రైవర్ లైటు దగ్గర’ అని. ఒకతను ‘మేడమ్, మరి మేం ఎక్కడుండాలి’ అని జవాబిచ్చాడు.

కోవ్_కష్టాలు
ఆదివారం అయింది. పూజ గది బోర్డులో న్యూట్రల్ ఉంది, ప్లగ్ పాయింట్ కోసం తెచ్చారట, అదే లైనుది. చిన్న మాడ్యూల్ స్విచ్ వెనక పట్టింది, పాతది మూడు రిలేలతో టీవీ దగ్గరే ఉంది. స్విచ్ పైకి పెట్టి కోవ్ ముప్పైసార్లు వేసి ఆపాం. పూజ గది లైటు కదల్లేదు. ఎలక్ట్రీషియన్ వెళ్తూ ఆ జీరో బల్బు హోల్డర్ తనకివ్వమని తీసుకెళ్ళాడు. కాంటాక్టర్ మాత్రం సీలింగ్‌లో తుమ్మెదలా జుమ్మంటోంది, టీవీ ఆపితే వినిపిస్తుంది. దానికి ఏమైనా ఉందా?

నెల్లూరు_న్యూట్రల్
డబ్బాకీ చెక్కకీ మధ్య రబ్బరు వాషర్లు వెయ్యండి. సగం తగ్గుతుంది. మిగతా సగానికి టీవీ.

కోవ్_కష్టాలు
పదిహేను రోజుల తర్వాత రాస్తున్నా. అంతా బాగుంది అనుకుంటుండగా నిన్న తెల్లవారుజామున 4:10కి పూజ గది లైటు వెలిగింది. గుండె జారింది. కోవ్ అప్పటికి ఆరి నాలుగున్నర గంటలైంది. యాప్‌లో చూస్తే ‘స్విచ్ ద్వారా’ అని ఉంది. మీటరు పట్టుకుని వెళ్ళా.

అత్తయ్య గారు. కార్తీకమాసం కదా.